వీరదుర్గ సర్దిన తొట్లు

బందరులో చేపలమ్మే ఆడవాళ్ళకి కొదవ లేదు గానీ, బతికున్న చేపల్ని అద్దాల తొట్లలో పెట్టి అమ్మే ఆడమనిషి మాత్రం ఆ రోజుల్లో ఒక్కతే ఉండేది. పేరు వీరదుర్గ. గిలకలదిండి మనిషి. ఈడేపల్లిలో ఆమె కొట్టు ముందు నిలబడి "ఇవి కూర వండుకోవచ్చా?" అని అడిగి తిట్లు తిన్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్న తన మొగుణ్ణి మొదట అడిగింది ఆవిడేనని వాళ్ళకి తెలియదు. తెలిసినా ఆమె ముందు అనే ధైర్యం ఎవరికీ లేదు.

వీరదుర్గ చేపల మధ్యే పుట్టింది, చేపల మధ్యే పెరిగింది. పడవ రేవుకి రాగానే మగవాళ్ళు వల దులిపి పక్కకి తప్పుకుంటారు. అప్పణ్ణుంచి పని ఆడవాళ్ళది. కుప్పగా పడిన చేపని రకానికో పోగు, అందులో సైజుకో పోగు చొప్పున ఏరి పెట్టాలి. చందువాలో పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట. కానాగంతలు ఒకచోట. పండుగప్ప దొరికితే దానికి వేరే మర్యాద. చిన్న చేపల పోగులో పెద్దదొకటి కనిపిస్తే కొనేవాడు అదొక్కటే లాక్కుని మిగతావాటికి బేరమాడతాడు కాబట్టి, ఒక పోగులో ఒకే సైజు ఉండాలన్నది రేవులో తిరుగులేని మాట. ఆ పనిలో వీరదుర్గది అందె వేసిన చెయ్యి. కన్ను చూసేలోపే చెయ్యి చేపని విసిరేసేది, అది వెళ్ళి సరిగ్గా తన పోగులోనే పడేది. ఏరడం అయ్యాక తట్ట నెత్తిన పెట్టుకుని బందరు మార్కెట్టుకి వచ్చేది.

ఆమెను మేనమామ కొడుకు ఆంజనేయులుకిచ్చి చేశారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే రంగు, వయసులో కూడా పెద్ద తేడా లేదు. ఈడూజోడూ కుదిరిందని ఊరంతా మెచ్చుకుంది. పెళ్ళి ఫొటోలో చూసినా అంతే అనిపిస్తుంది. ఫొటోలో ఎవరూ మాట్లాడరు కదా.

మాట్లాడటం మొదలుపెడితేనే వచ్చింది చిక్కు. వీరదుర్గది మార్కెట్టు గొంతు. అడిగిన మాటకి అప్పటికప్పుడు జవాబు రావాలి, రాకపోతే బేరం పోయినట్టే ఆమె లెక్క. ఆంజనేయులేమో, అన్నం పెట్టమంటావా అని అడిగినా కాసేపు ఆలోచించే మనిషి. అతని జవాబు వచ్చేసరికి ఆమె ఇంకో రెండు ప్రశ్నలు దాటిపోయేది. ఆ ఇంట్లో తాగుడు లేదు, తన్నులు లేవు, మరో మనిషి లేదు. పిల్లలు పుట్టలేదు. ఇద్దరికీ పడేది కాదు, అంతే. పడకపోవడానికి కారణమేమీ లేకపోతే సర్దుబాటు చెయ్యడం ఎవరి తరమూ కాదు.

ఆంజనేయులు పడవ మీద పని చేసే రోజుల్లో ఐసు చేప లోడుతో ఒకసారి మద్రాసు వెళ్ళాడు. అక్కడ కొళత్తూరులో వీధి వీధంతా రంగు చేపల కొట్లేనట. లోడు దించేసి సాయంత్రం దాకా అక్కడే నిలబడిపోయాడు. తిరిగొచ్చాక పడవ మానేశాడు. తొంభై ఏడులో ఈడేపల్లిలో ఒక చిన్న గది, దాని వెనకాల ఇంకో గది అద్దెకి తీసుకుని అక్వేరియం కొట్టు పెట్టాడు.

"ఇవి కూర వండుకోవచ్చా? లేదా? మరి కూరకి పనికిరాని చేపకి నువ్వు కూర్చుని మేత పెడతావా?" అంది వీరదుర్గ.

ఆంజనేయులు ఆలోచించి, "పెడతాను" అన్నాడు.

కరెంటు పోతే గాలి మోటార్లు ఆగిపోతాయి. అప్పుడు చెంబుతో నీళ్ళు పైకెత్తి పొయ్యకపోతే చేపలు ఉక్కిరిబిక్కిరై చస్తాయి. కాబట్టి అతను కొట్టు వెనక గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. తెల్లవారకముందే పడవలొస్తాయి కాబట్టి ఆమె గిలకలదిండిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం తట్ట ఖాళీ అయ్యాక వచ్చి, అన్నం క్యారేజీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేది. మొగుడూ పెళ్ళాం విడిపోయారని జనం అనుకున్నారు. వాళ్ళిద్దరూ ఏమనుకుంటున్నారో ఒకరినొకరు అడగలేదు.

రెండువేల ఒకటి ఎండాకాలంలో ఆంజనేయులుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. సంగతి తెలియగానే నాగాయలంక నుంచి అతని అన్న లక్ష్మయ్య ఆసుపత్రికి వచ్చాడు. లక్ష్మయ్య చెడ్డవాడేమీ కాదు. దివిసీమలో రొయ్యల చెరువుల దగ్గర పని చేయిస్తూ, కొడుకులూ కోడళ్ళతో నిండు ఇంట్లో బతుకుతున్న మనిషి. ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నమాట చెప్పాడు.

"అమ్మాయ్ దుర్గా, వాణ్ణి నేను తీసుకెళ్తాను. మా ఇంట్లో చూసేవాళ్ళుంటారు. నువ్వు పొద్దున్నే రేవుకెళ్ళాల్సిన మడిసివి. ఆ కొట్టు ఎవరికన్నా అమ్మేసెయ్. అయినా, మీ ఇద్దరికీ ఎప్పుడు పడింది గనక?"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

"కార్తీకం ఎల్లనివ్వండి బావగారూ. అప్పుడు చూద్దాం" అంది.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. తన మనిషిని మరొకరు వచ్చి మోసుకుపోవడం ఆమెకు నచ్చలేదు. మనిషి మీద ప్రేమ కంటే అదే ఎక్కువనిపించింది అప్పటికి. ఏమైతేనేం, గడువు పడింది. కార్తీకం వెళ్ళేలోగా కొట్టు నిలబడి, వెనక గదిలో మంచం మీద ఆంజనేయులు నిలకడగా ఉంటే ఉన్నట్టు. లేకపోతే కొట్టు ఎవరికో పోతుంది, మనిషి నాగాయలంక పోతాడు, ఆ తర్వాత ఆ ఇద్దరి మధ్యా క్యారేజీ కూడా ఉండదు.

ఆ రోజుల్లో వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ గట్టునే ఉన్నాయి. తట్ట ఎత్తే పని లేదు. మొగుణ్ణి ఆసుపత్రిలోంచి తీసుకొచ్చే లోపు కొట్టు శుభ్రం చేద్దామని వీరదుర్గ షట్టర్ ఎత్తింది. లోపలికెళ్ళి చూసి నెత్తి కొట్టుకుంది.

ఒక్క తొట్టి కూడా ఆమె కళ్ళకి తిన్నగా లేదు. బెత్తెడు చేపల మధ్య వేలెడు చేపలు తిరుగుతున్నాయి. పక్క తొట్టిలో అంత సైజువే ఇంకో రకం ఉన్నాయి, వాటిని వీటితో కలపొచ్చు కదా? ఇంకో చోట ఇంత పెద్ద సీసాలో ఒకే ఒక్క చేపని పెట్టి నీళ్ళు దండగ చేశాడు. చేపల్లోనే పుట్టి పెరిగినవాడు పోగులు పెట్టడం కూడా నేర్చుకోలేదని విసుక్కుని, చిన్న వల తీసుకుని పనిలోకి దిగింది. పెద్దది చిన్నదాన్ని మింగుతుందని సముద్రం మీద బతికేవాళ్ళకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. సైజులు సమానమైతే ఇక గొడవెందుకొస్తుంది? వేలెడువన్నీ ఒక తొట్టిలోకి చేరాయి. బెత్తెడువన్నీ ఇంకో తొట్టిలోకి. సీసాల్లో ఒంటరిగా ఉన్నవాటికి కూడా తోడు దొరికింది. మధ్యాహ్నానికల్లా కొట్టు రేవులో పోగుల వరసలా తీరుగా తయారైంది. చూసుకుని మురిసిపోయింది కూడా.

ఆ సాయంత్రమే పెడన నుంచి పార్వతిగారు వచ్చారు. కలంకారీ అద్దకం బట్టల షాపు ఆవిడది. షాపులో కొత్తగా పెట్టిన తొట్టిలోకి చేపలు కావాలన్నారు. వీరదుర్గ ఒకే సైజువి ఏరి ఇచ్చింది. పొడుగు రెక్కల ఏంజిల్ చేపలు, ఒంటి మీద నల్ల చారలుండే టైగర్ బార్బులు. పక్కపక్కన చూస్తే జత కుదిరినట్టే ఉన్నాయి.

మర్నాడు ఆంజనేయుల్ని ఆటోలో తీసుకొచ్చి వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టారు. తొట్లు కనిపిస్తే కాలక్షేపంగా ఉంటుందని వీరదుర్గే మధ్య కర్టెను పక్కకి లాగింది. అతను తొట్ల వంక చూశాడు. చూసి, గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. ఎడమ చేత్తో గాల్లో తుడిచేస్తున్నట్టు ఊపాడు. దాహమేమోనని ఆమె నీళ్ళు పట్టింది. తల పక్కకి తిప్పేశాడు. నొప్పేమోనని కాళ్ళు పట్టింది. చెయ్యి ఇంకా ఊపుతున్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఆమె భయపడి వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టర్ని పిలిపించింది. ఆయన వచ్చి నిద్రకి ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు.

తెల్లారేసరికి జరగాల్సింది జరిగిపోయింది. సీసాలోంచి తీసి వీరదుర్గ తోడిచ్చిన ఫైటర్ చేప, రంగు తోకల గప్పీలన్నిటినీ చీల్చిపెట్టింది. వేలెడంతే ఉన్న ఆస్కార్ చేపపిల్ల నోట్లోంచి ఇంకో వేలెడు చేప తోక బయటికి వేలాడుతోంది. సైజు సమానమైనా నోరు సమానం కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. కొన్ని చచ్చి తేలాయి, కొన్ని మూలల్లో నక్కాయి.

ఆ సమయంలోనే పార్వతిగారు బకెట్టుతో దిగారు.

"ఏమమ్మా, ఇవేం చేపలమ్మా నువ్విచ్చినవి? ఆ చారలవి ఈ రెక్కలన్నీ కొరుక్కు తినేశాయి. కొత్త చీర అంచు కత్తిరించినట్టు ఎలా చేశాయో చూడు! చూసుకోవడానికి పెట్టుకున్నాను గానీ ఏడవడానికి కాదు."

బకెట్టులో ఏంజిల్ చేపలు మొండి రెక్కలతో అడుగున పడి ఉన్నాయి. వీరదుర్గ నోటికి ఎదురు చెప్పడం అలవాటు. ఆ రోజు మాత్రం బకెట్టు అందుకుని, మళ్ళీ ఇస్తానని చెప్పి ఆవిణ్ణి పంపించింది. ఆ కోపమంతా తీసుకెళ్ళి మంచం ముందు కుమ్మరించింది.

"నువ్వయినా చెప్పొచ్చు కదయ్యా! ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

అనేసిన తర్వాత గుర్తొచ్చింది. నిన్నంతా అతను చెబుతూనే ఉన్నాడు. దాహం కాదు, నొప్పి కాదు. వాటిని వేరు చెయ్యమని ఉన్న ఒక్క చేత్తో చెబుతుంటే, ఆమె ఇంజెక్షన్ చేయించి పడుకోబెట్టింది. వీరదుర్గ మంచం పక్కనే నేల మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. చచ్చిన చేపల కోసం ఏడుస్తున్నానని చెప్పుకుంటే జనం నవ్విపోతారని షట్టర్ సగానికి దించింది.

ఆ తర్వాత రోజుల్లో ఆమె చేసిన పని చూడటమొక్కటే. ముక్కాలిపీట వేసుకుని తొట్టి ముందు కూర్చునేది. విచిత్రమేమిటంటే, అన్నేళ్ళ బతుకులో ఆమె చేపని బతికుండగా చూడనే లేదు. ఆమె చేతికొచ్చేసరికి ప్రతి చేపా చచ్చిపోయో, చచ్చేముందు కొట్టుకుంటూనో ఉండేది. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను తేటగా ఉందా, తూకం ఎంత, అదీ ఆమెకు తెలిసిన చేప. చేప వెళ్ళిన దారినే మళ్ళీ ఎందుకు వెళ్తుందో, ఒక రాయి చుట్టూ తిరుగుతూ పక్కదాన్ని ఎందుకు తరుముతుందో, కొన్ని పైన తిరుగుతుంటే కొన్ని అడుగునే ఎందుకుంటాయో తెలుసుకోవాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. ఆంజనేయులు కొళత్తూరులో సాయంత్రం దాకా ఏం చూస్తూ నిలబడ్డాడో ఇప్పుడు కొంచెం అర్థమైంది. పూర్తిగా అర్థమైందని చెప్పలేం. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని కూడా మధ్యమధ్యలో ఇది కూరైతే ఎలా ఉంటుందో అని ఆలోచించేది.

చూసినంతలో తేలనివాటికి మొగుడే దిక్కు. రెండు హార్లిక్స్ సీసాల నిండా నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఒక చేప, ఇంకోదాంట్లో ఇంకో చేప వేసి, రెండూ పక్కపక్కన పెట్టి మంచం దగ్గరికి పట్టుకొచ్చేది.

"వీటికి పడుద్దా?"

పడుతుందంటే ఆంజనేయులు ఎడమ చేతి వేళ్ళతో మంచం పట్టె మీద తట్టేవాడు. పడదంటే అరచెయ్యి పైకి తిప్పేవాడు. ఒక్కోసారి తట్టబోయి ఆగి, సీసాల్లో చేపలు ఒకదాన్నొకటి ఎలా చూసుకుంటున్నాయో కాసేపు గమనించేవాడు. పూర్వమైతే ఆ కాసేపట్లో వీరదుర్గ రెండు మాటలు అనేసి వెళ్ళిపోయేది. ఇప్పుడు చేతుల్లో నీళ్ళ సీసాలున్నాయి, వెళ్ళడానికి లేదు. నిలబడి జవాబు కోసం ఎదురు చూసేది. ఆ మొగుడూ పెళ్ళాలు అన్నేళ్ళలో మాట్లాడుకోనంత ఆ ఎండాకాలంలో మాట్లాడుకున్నారు. అదంతా చేపల గురించే అనుకోండి.

అలా ఒక్కొక్కటే తెలిసొచ్చింది. గోల్డ్ ఫిష్ నెమ్మదస్తురాలు, చురుకైన వాటితో వేస్తే మేత దాని నోటిదాకా రాదు. పొడుగు రెక్కలున్నవాటి దగ్గరికి కొరికే బుద్ధున్న వాటిని రానివ్వకూడదు. ఫైటర్‌కి తోడు అక్కర్లేదు, తోడంటే దానికి యుద్ధమే. ఆంజనేయులు సీసా నీళ్ళు దండగ చెయ్యలేదు. పైన తిరిగేవాటిని అడుగున తిరిగేవాటితో కలిపితే ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉన్నట్టు ఎవరి మానాన అవి బతుకుతాయి. ఇక జానెడు దాటి పెరిగే ఆస్కార్ సంగతైతే, ఇవాళ ఎంత ఉందని కాదు, రేపు ఎంతవుతుందని అడగాలి. కొనడానికొచ్చినవాళ్ళని వీరదుర్గ ఇప్పుడు నిలదీసేది. ఇంట్లో తొట్టెంత? అందులో ఏమున్నాయి? ఎవరు మేత వేస్తారు? జవాబు నచ్చకపోతే చేప ఇచ్చేది కాదు. వాస్తు ప్రకారం ఫలానా రంగువి కలిపి పెట్టాలని గుడివాడ నుంచి వచ్చిన ఒకాయనతో, "వాస్తు మీకండీ, చేపలకి కాదు" అనేసింది. ఆయన కోపగించుకుని వెళ్ళిపోయి, వారం తిరక్కుండా వాళ్ళ బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. పార్వతిగారికి ఈసారి ఇచ్చిన చేపలు హాయిగా ఉన్నాయి. ఆవిడ మాట పట్టుకుని పెడన నుంచీ, గూడూరు నుంచీ మనుషులు రావడం మొదలైంది.

వేట నిషేధం అయిపోయి పడవలు బయల్దేరాయి. మార్కెట్టులో పక్కన కూర్చునే అంకమ్మ వచ్చి, "ఎప్పుడొత్తావే?" అని అడిగింది. వీరదుర్గ రేపంది. ఆ తర్వాత ఎల్లుండంది. చివరికి తట్ట అంకమ్మకే ఇచ్చేసి, గిలకలదిండి ఇంట్లో సామాను తెచ్చి కొట్టు వెనక గదిలో పెట్టుకుంది. మంచానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. కరెంటు పోయినప్పుడల్లా లేచి చెంబుతో నీళ్ళు ఎత్తిపోస్తుంటే, ఆంజనేయులు మంచం మీంచి ఏ తొట్టి దగ్గరికి వెళ్ళాలో వేలు చూపించేవాడు. తన ఇష్టప్రకారం ఆమె వేరే తొట్టి దగ్గరికి వెళ్ళేది.

ఆమెకు పని వచ్చేకొద్దీ గొడవలు కూడా పెరిగాయి. వినాయక చవితి వెళ్ళాక టైగర్ బార్బుల దగ్గర పెద్ద తగాదా వచ్చింది. ఆ చారల చేపల్ని గౌరామీ చేపలతో వెయ్యనా అని ఆమె అడిగింది. ఆంజనేయులు చెయ్యి తిప్పాడు. ఆమె వినలేదు.

"నువ్వు నాలుగే ఏసి చూసుంటావు, కరిసుంటాయి. నేను తొట్టి నిండా ఏత్తాను. మార్కెట్లో నేనూ అంకమ్మా ఇద్దరమే ఉన్న రోజున కొనడానికొచ్చినోణ్ణి పీక్కు తింటాం. అదే పదిమందిమి కూర్చుంటే మాలో మాకే సరిపోద్ది, ఆడు మెల్లగా జారుకుంటాడు. ఇయ్యీ అంతే."

అతను మళ్ళీ చెయ్యి తిప్పాడు, ఈసారి గట్టిగా. ఆమె బార్బుల్ని గుంపుగా వేసింది. గౌరామీలు గట్టివి, ఏంజిల్ అంత సుకుమారం కావు. ఆ రాత్రి బార్బులు ఒకదాన్నొకటి తరుముకుంటూ తొట్టంతా గిరగిరా తిరిగాయి గానీ గౌరామీల జోలికి పోలేదు. మర్నాడూ పోలేదు. తన మాటే నెగ్గిందని వీరదుర్గ వచ్చినవాళ్ళందరికీ మంచం మీది మనిషికి వినబడేట్టు చెప్పింది. ఆంజనేయులు గోడవైపు తిరిగి పడుకుని, మధ్యాహ్నం అన్నం కూడా అలిగి తినలేదు. సాయంత్రం ఆమె బతిమాలి తినిపించింది. బతిమాలుతూ కూడా బార్బుల ప్రస్తావన రెండుసార్లు తెచ్చింది.

కార్తీకం వెళ్ళింది. పోలి స్వర్గం దీపాలు వదిలిన మర్నాడు లక్ష్మయ్య గడువు ప్రకారం నాగాయలంక నుంచి వచ్చాడు. వచ్చేటప్పుడు తమ్ముడి కోసం కారు కూడా మాట్లాడుకుని వచ్చాడు. అవనిగడ్డ దాకా రోడ్డు బాగాలేదని సీటు మీద వేయడానికి పరుపు తెచ్చాడు. కొట్టు చూసి ఆశ్చర్యపోయాడు. తొట్లన్నీ నిండుగా ఉన్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, గట్టు మీద ఇద్దరు మనుషులు బేరానికి కూర్చుని ఉన్నారు.

"బాగానే నడుపుతున్నావమ్మా" అన్నాడు మనస్ఫూర్తిగా. "ఇంకేం, కొట్టు అమ్మక్కర్లేదు. నువ్వు నడుపుకో. వాణ్ణి మాత్రం నాతో పంపించు. రెండూ ఒక్కదానివి ఎక్కడ చేస్తావు?"

వీరదుర్గ ఈ మాట ఊహించలేదు. కొట్టు నిలబడితే మనిషి కూడా నిలబడతాడనే అన్నాళ్ళూ అనుకుంది. వద్దని అనడానికి నోరు తెరిచింది గానీ ఏమని వద్దనాలి? బాగా చూసుకుంటానని చెప్పొచ్చు, అక్కడ అంతకంటే బాగా చూసుకుంటారు. నాకు అలవాటైపోయాడు అని చెప్పాలి. ఆ మాట బావగారి ముందు అనడానికి ఆమెకు సిగ్గేసింది. పైగా వెనక గదిలో మనిషి మనసులో ఏముందో ఆమెకు తెలియదు. చేపల సంగతి తప్ప అతన్ని ఇంకేమీ అడగలేదు.

లక్ష్మయ్య వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని నిమిరాడు. వీరదుర్గ గుమ్మంలో నిలబడింది. ఈ తట్టడం, తిప్పడం సంగతి లక్ష్మయ్యకి ఆమే అంతకుముందు చెప్పింది.

"ఏరా ఆంజీ, నిజం చెప్పు. ఇప్పటికైనా మీ ఇద్దరికీ పడతందా?"

ఆంజనేయులు అలవాటు ప్రకారం ఆలోచించాడు. అన్న మొహం వంక చూశాడు. గుమ్మంలో ఉన్న పెళ్ళాం వంక చూశాడు. ఆమె పైట చెంగు తడిసి ఉంది, చేతిలో చిన్న వల ఉంది, బయట బేరానికి కూర్చున్నవాళ్ళని ఆ హడావిడిలోనే ఒకసారి వెనక్కి తిరిగి గదమాయించింది. అతను అన్న చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు. అరచెయ్యి పైకి తిప్పాడు.

లక్ష్మయ్య నిట్టూర్చాడు. "చూశావా అమ్మా. వాడే చెప్పాడు. నీ తప్పని కాదు. నేను కారు దగ్గరికి తెప్పిస్తాను, నువ్వు వాడి బట్టలు సర్దు" అని లేచాడు.

అరచెయ్యి అలా తిరగడం వీరదుర్గ ఆ ఎండాకాలం నుంచీ లెక్కలేనన్నిసార్లు చూసింది, ఎప్పుడూ ఇంత బాధ కలగలేదు. ఆ మనిషి అబద్ధం చెప్పడని ఆమెకు తెలుసు. ఆ ప్రశ్నే తనను అడిగినా ఆమె చెయ్యి తిప్పేదే. బట్టల పెట్టె దగ్గరికి ఒక అడుగు వేసింది కూడా. వేసి ఆగిపోయింది.

"బావగారూ, పడదన్నాడు. వస్తానన్లేదు కదా" అంది.

లక్ష్మయ్యకి అర్థం కాలేదు. "అంటే?"

"అడగండి."

లక్ష్మయ్య మళ్ళీ మంచం వైపు వంగాడు. "నాతో నాగాయలంక వస్తావట్రా?"

ఆంజనేయులు ఈసారి ఆలోచించలేదు. తిప్పిన చెయ్యి తిప్పినట్టే ఉంచాడు.

లక్ష్మయ్య ఆ చేతిని మెల్లగా మంచం మీదికి దించాడు. తర్వాత బయటికెళ్ళి కారు వాడితో ఖాళీగానే వెళ్దామని చెప్పాడు. పరుపు మాత్రం దించి మంచం మీద వేయించాడు. వీరదుర్గ బావగారికి అన్నం పెట్టాలని గుర్తొచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చింది, అందరి ముందూ పడదని చెప్పినందుకు కోపం కూడా వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో అన్నం వార్చేటప్పుడు చెయ్యి కాల్చుకుంది.